నీళ్లు కలపని నలభై రోజులు

సాయిలు మీసం పోయింది బుధవారం పొద్దున. అదే బుధవారం మధ్యాహ్నానికి పత్తర్‌గట్టిలో రావలసిన దుకాణం కూడా పోయింది. దుకాణమే ముందు పోయి ఉంటే మీసమైనా దక్కేది. ఈ సంగతి అయిదు రోజులుగా అతని తలలో తిరుగుతూనే ఉంది. సోమవారం ఎనిమిది గంటల వేళ, లాల్ దర్వాజాలో అమరనాథ్ వకీలు ఇంటి వసారాలో బల్ల చివర కూర్చున్నప్పుడు కూడా తిరుగుతూనే ఉంది, ఎందుకంటే పైపెదవికి గాలి తగులుతోంది. ముప్పై ఏళ్లలో అక్కడ గాలి తగలడం ఇది రెండోసారి. మొదటిసారి సంగతి ఇప్పుడు అనుకోకూడదు. ఇప్పుడు వకీలు సాబ్ అడగబోయే ప్రశ్నకు జవాబు అనుకోవాలి. గోడ మీద ఫసలీ 1348 క్యాలెండరు, దాని కింద గడియారం, గడియారం కింద చాప మీద ముసలి మున్షీ, కలం మొన చెక్కుకుంటూ. "సాబ్ నహా రహే, బైఠో" అన్నాడు, స్నానం అయ్యేదాకా కూర్చోమని. లోపల నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. చెంబు మునుగుతుంది, లేస్తుంది, నీళ్లు పడతాయి, మళ్లీ చెంబు మునుగుతుంది. ఈ ఇంట్లో ఇవాళ ఇంకే చప్పుడైనా వినపడి ఉంటే బాగుండేది. పాలు అమ్మే మనిషిని కూర్చోబెట్టి, నిజం చెప్పడానికి గుండె కూడగట్టుకోమని, పక్కనే చెంబుతో నీళ్లు పోస్తూ ఉంటే అతను దేని మీద మనసు నిలుపుతాడు? మున్షీ కాగితం పరిచి, పేరు రాసి, తండ్రి పేరు రాసి, "నుక్సాన్ క్యా హువా?" అన్నాడు. నష్టమేమిటని. సాయిలు చెయ్యి తనంతట తానే పెదవి మీదికి పోయింది. మున్షీ కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. "మూఛ్?" అన్నాడు. "మూఛ్ గూడ" అన్నాడు సాయిలు. "వో తో ఫిర్ ఆతీ" అన్నాడు మున్షీ, అది మళ్లీ వస్తుందని, వచ్చేదాన్ని నష్టం కింద రాయకూడదన్నట్టు కలం కింద పెట్టేశాడు.

వస్తుంది, నిజమే, కానీ వచ్చేదాకా గౌలిపురలో తిరగాలి కదా. గౌలిపురలో మీసం తీయించుకున్న మనిషి ఎదురుపడితే ఎవరు పోయారని అడగడం మర్యాద, అడగకపోతే తప్పు పడతారు. బుధవారం మంగలి కత్తి పెట్టక ముందే గొంతు తగ్గించి, "పెద్ద వయసేనా?" అన్నాడు. ఎవరిదని సాయిలు అడిగేలోపల సగం మీసం రాలింది, మిగిలిన సగం కోసం వాదన పెట్టుకునే ధైర్యం అతనికి లేకపోయింది. సందు మలుపు తిరిగేసరికి పూలమ్మే ఆమె బుట్ట దించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో సాయిలన్నా, ఎవ్వలు పోయిండ్రే!" "ఎవ్వలు పోలేదు బిడ్డా, దుకాణం వస్తుంది" అన్నాడు. దుకాణం వస్తే మీసం ఎందుకు పోవాలో చెప్పడం మొదలుపెట్టాడు గాని, సగం చెప్పాక అది తనకే సరిగా వినపడలేదు. ఆమె నమ్మలేదు. దుఃఖంలో మనిషి ఏదో మాట్లాడతాడని తల ఊపి, సాయంత్రానికి చావింటికి పంపినట్టే మూత పెట్టిన గిన్నెలో అన్నం, పప్పు పంపింది. అప్పటికి దుకాణం కూడా పోయింది గనుక ఆ అన్నం తినడానికి కారణం కుదిరింది. తిన్నాడు. పప్పులో ఉప్పు తక్కువ. చావింటి పప్పులో ఉప్పు ఎప్పుడూ తక్కువే, రెండేళ్ల కిందట కూడా తక్కువే. అప్పుడు పదో రోజున మంగలి ఇంటికే వచ్చాడు, ఎవరు పోయారని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. ఆ మీసం మళ్లీ చేతికి అందేటంత పెరగడానికి ఏడు నెలలు పట్టింది, పెరుగుతున్న కొద్దీ పెళ్లాం బాలమ్మ పోయి ఇన్ని రోజులైందని వేలితో తడిమి చెప్పుకోవచ్చు. చాలు. జవాబు. జవాబు అనుకోవాలి.

జవాబుకు ముందు ప్రశ్న, ప్రశ్నకు ముందు విశ్వేశ్వర్ సావుకారి. ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం, నెయ్యి టోకున అమ్మే మనిషి. పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద అతని దుకాణం ఒకటి ఖాళీగా పడి ఉంది, అందులో పాలు, పెరుగు, కోవా పెడితే నడుస్తుందని అతనికే తోచింది, సాయిలుకు తోచింది కాదు. బర్రెలు సాయిలువి, చోటు సావుకారిది, మిగిలినదాంట్లో చెరి సగం. బెల్లం బస్తాల మధ్య కూర్చోబెట్టి చెప్పాడు. "నా నోటి మాటంటె స్టాంపు కాయితం సాయిలూ. అసలు కాయితం ఎనుకనుంచి అదే వస్తది. ముందుగాల నీళ్లు బంద్ చెయ్. నలబై దినాలు సూస్త. నీళ్లు కలపని ఖాలిస్ పాలోడని నీకు పేరొస్తె తాళంచెవి తెచ్చి నీ చేతుల పెడ్త." చెప్పి, గోనె అంచు చింపి, ఇంత బెల్లం ముక్క తీసి పెట్టాడు. సాయిలు నోట్లో వేసుకున్నాడు. అతను పడిపోయింది అక్కడే. సాయిలు వాళ్లలో పిల్లను ఖాయం చేసుకున్నా, బర్రెను ఖాయం చేసుకున్నా ఇంత బెల్లం నోట్లో వేసుకుంటారు, వేసుకున్నాక ఆ మాట వెనక్కి పోదు. తర్వాత కొట్టానికి సున్నం వేయమన్నాడు, వేశాడు, బెల్లం పెట్టాడు. గడ్డి మార్చమన్నాడు, మార్చాడు, బెల్లం. గిన్నెలకు కొత్తగా కళాయి పూయించమన్నాడు, పూయించాడు, బెల్లం. అలా ఆరుసార్లు ఖాయమైంది. ఆరోసారి ముక్క నములుతూ బయటికి వస్తుంటే వాకిట్లో హమాలీలు నలుగురు నములుతూ కనిపించారు, ఒక ఫకీరు నములుతూ కనిపించాడు, నెయ్యి డబ్బాలు దింపిన బండివాడు నములుతున్నాడు, బండికి కట్టిన ఎద్దు కూడా నాలుకతో మూతి నాకుతోంది. వీళ్లందరికీ సావుకారి పత్తర్‌గట్టిలో దుకాణాలు ఇస్తాడా అన్న అనుమానం ఆ క్షణాన రావలసింది. రాలేదు. ఎంత మంచి మనిషి, అందరికీ మాటిస్తున్నాడు అనుకున్నాడు.

నీళ్లు. బాలమ్మ బతికున్నన్నాళ్లు సాయిలు పాలల్లో నీళ్లు కలిపేవాడు కాదు, ఇది నిజం, ఏ కచేరీలోనైనా, ఏ జడ్జి ముందైనా చెప్పగలడు. కలిపేది బాలమ్మ. అతను పిండి, బిందెలు తలుపు దగ్గర పెట్టి, బర్రెల వీపులు తుడవడానికి అటు తిరిగేవాడు. తుడవవలసినంత దుమ్ము వాటి మీద ఏనాడూ లేదు, అయినా ఇరవై ఏళ్లు తుడిచాడు. వెనక ఆమె చెంబు చప్పుడు అయిపోయాక ఇటు తిరిగేవాడు. ఇరవై మూడు ఇళ్లకు ఇరవై మూడు గిన్నెలు, ఒక్కో గిన్నె మెడకు ఒక దారం, దారానికి ముడులు. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు, మూడు ముడులవి నాలుగు గిన్నెలు, అయిదు గిన్నెల దారాలకు ముడే లేదు. ఏ ఇంటికి ఎంత, ఎందుకు అంత అని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ముడి లేనివి గట్టివాళ్ల ఇళ్లు కాబోలు, పట్టుకుంటారని భయం కాబోలు అనుకున్నాడు. మొగుడూ పెళ్లాలు కూర్చుని దొంగతనం గురించి మాట్లాడుకోవడం ఏం బాగుంటుంది? ఆమె పోయాక ముడులు చూసి అతనే పోశాడు, రెండేళ్లు, ముడి తప్పకుండా. పోస్తున్నంతసేపు అటు తిరిగి బర్రెల వీపు చూడాలనిపించేది, చూస్తే ఇక్కడ పోసేవాళ్లు లేరు. సావుకారి మాట మీద ఆ చెంబు గూట్లో బోర్లించాడు. కళాయివాడు గిన్నెలు పట్టుకుపోయి దారాలన్నీ తెంపి కొలిమిలో పడేశాడు, తెల్లగా మెరిసే గిన్నెలు తెచ్చిచ్చాడు. ఇప్పుడు ఆ ఇరవై మూడింటిలో ఏది ఏ ముడిదో దేవుడికి కూడా తెలియదు.

అప్పుడు మొదలైంది లొల్లి. మొదటి వారం ఎవరూ ఏమీ అనలేదు, చిక్కటి పాలు చూసి ఈయనకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. రెండో వారానికి పార్శీ భాష చెప్పే ముసలి పంతులు కడుపు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. మూడో ఇంటి ఆమె పెరుగు గిన్నె బోర్లించి చూపించింది, పెరుగు కింద పడలేదు. "ఏంది సాయిలూ గిది, పెరుగా సున్నమా? పాలల్ల పిండి కలుపుతున్నవా?" ఇరవై ఏళ్లు నీళ్లు కలిపితే ఎవరూ కల్తీ అనలేదు. ఒక్క చుక్క కలపని రోజున కల్తీ అన్నారు. సాయిలు బర్రె మీద ఒట్టు వేశాడు, పెరుగు మీద ఒట్టు వేశాడు. ఒట్లు వేసేకొద్దీ వాళ్లకు అనుమానం పెరిగింది, ఎందుకంటే ఎన్నడూ వేయని మనిషి. పైగా పిల్లలు మేం తాగం అంటున్నారట, పాల మీద మీగడ దుప్పటిలా ఉంటే భయపడుతున్నారట. నలభై రోజులు నిండేసరికి తొమ్మిది ఇళ్లు భిక్షపతి దగ్గరికి వెళ్లిపోయాయి. భిక్షపతి ఆ సందులోనే ఉంటాడు, చేతికి ఏ చెంబు దొరికితే ఆ చెంబుతో నీళ్లు పోస్తాడు, ఏ ఫికరూ లేని మనిషి. ఆ తొమ్మిదింటిలో అమరనాథ్ వకీలు ఇల్లు ఒకటి. అదిగో, గడప పక్కన భిక్షపతి గిన్నె. సొట్ట పడ్డది. కళాయి కూడా లేదు.

బుధవారం. ఉస్మాన్‌గంజ్. పోతే పోయింది మీసం, తాళంచెవి వస్తుంది కదా అని నడిచాడు. మీసం మాట చెప్పింది కూడా సావుకారే. "అన్ని కుదిరినయ్ సాయిలూ, గీ మీసమొక్కటే అడ్డమొస్తుంది. గిరాకీ వచ్చెటోడు ముందుగాల నీ మొకం సూస్తడు. సూడంగనె పాలల్ల ఎంటికెలు యాదికొస్తయి." ఇప్పుడు ఆ సావుకారే బస్తాల మధ్య నుంచి తలెత్తి చూసి గబగబా లేచి వచ్చాడు. "అరె సాయిలూ! ఎవ్వలు పోయిండ్రు?" "ఎవ్వలు పోలేదు సావుకారీ. మీ మాట మీదనే తీయించిన." సావుకారి కొంచెంసేపు పెదవి చూసి, కొంచెంసేపు చెప్పులు చూసుకుని, దుకాణం భార్య వాసవాంబ తమ్ముడికి ఇచ్చేశానన్నాడు. గ్రామఫోన్లు పెడుతున్నాడట. ఇంట్లో ఆమె పట్టు పట్టిందట. "మరి నాకిచ్చిన మాట?" అంటే, "మాటలనుకున్నం సాయిలూ, కాదంటలేను. ఖాయం చేసుకున్నమా? కాయితం రాసుకున్నమా? దినాం నలుగురు వస్తరు, నలుగురితోని మాటలనుకుంట. దిల్ ఛోటా మత్ కరో, మనసు చిన్న చేసుకోకు. ఇగో, బెల్లం తిను" అని ముక్క తీసి పెట్టాడు. సాయిలు తిన్నాడు. చెయ్యి అలవాటు పడిపోయింది. ఆ తీపి ఇప్పటికీ నాలుక మీద ఉన్నట్టే ఉంది, ఆ తిన్నందుకే తన మీద తనకు ఎక్కువ కోపం.

శుక్రవారం కచేరీకి సెలవు గనుక వకీలు సాబ్ వసారాలో తీరిగ్గా అంతా విన్నాడు. బెల్లం దగ్గర నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి మెల్లగా విడమరిచాడు, చదువు చెప్పేవాళ్లు చెప్పినట్టు. "ఒప్పందం కాలేదు సాయిలూ. అందుకని దుకాణం ఇప్పియ్యమని అడగలేం. కని ఆయన ఒక మాటన్నడు, నువ్వు నమ్ముతవని ఆయనకెరుక, నమ్మి పని చేసినవ్, చేస్తె నష్టమైంది. ఆ నష్టం అడుగుదాం. నిలుస్తదా నిలవదా, జడ్జి సాబ్ మనసు. అయితె నష్టం సాబిత్ చెయ్యాలంటె, రుజువు చూపాలంటె, రెండు చెప్పాలె. ముందు నీ పాలెట్లుండె, ఆయన మాట మీద ఏం మార్చినవ్. ఆలోచించుకొని సోమవారం రా." ఆలోచించాడు, మూడు రోజులు. ముందు కూడా చిక్కటివే అంటే మార్చింది ఏమీ లేదు, నష్టమూ లేదు, మీసం ఒక్కటే మిగులుతుంది, దాన్ని మున్షీ రాసుకోడు. మొదటి నుంచీ నేనే నీళ్లు కలిపేవాడిని అంటే, ఆ మాట రెండేళ్లకే నిజం, అంతకు ముందు ఇరవై ఏళ్లకు ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టు. గిరాకీల దగ్గర ఎన్ని ఒట్లు వేసినా కచేరీ ప్రమాణం అంటే అతనికి భయం. ఇక మూడోది నిజం. నిజం చెబితే మున్షీ ఉర్దూలో కుడి నుంచి ఎడమకు రాసుకుపోతాడు, బాలమ్మ, ఆ పేరు పక్కన నీళ్లు, ఆ పక్కన ఇరవై ఏళ్లు. ఎదుటి వకీలు అది పైకి చదువుతాడు. ఇరవై మూడు ఇళ్ల ఆడవాళ్లు ఆమె పదో రోజున వచ్చి ఏడ్చి పోయినవాళ్లే. వాళ్లు ఆ ఏడుపు వెనక్కి అడిగితే ఏం చెయ్యాలి? దావా గెలిస్తే తనకు ఏదో వస్తుంది, ఆమెకు ఈ పేరు వస్తుంది. ఆమె వచ్చి కాదనుకునే వీలు లేదు. లోపల చెంబు ఆగింది. స్నానం అయిపోయినట్టుంది.

వంటింట్లో పాలు పొంగే చప్పుడు. పొంగే చప్పుడు కాదు, బుసబుసమని మరిగే చప్పుడు, పాలకు పొంగే ఓపిక లేదు. సగానికి సగం నీళ్లు, అనుకున్నాడు సాయిలు, చెవితోనే. కాస్సేపటికి వకీలు తల్లి సుగుణమ్మ రెండు గ్లాసుల చాయ్ తెచ్చి ఒకటి మున్షీ ముందు, ఒకటి సాయిలు ముందు పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఏం అడుగుతుందో సాయిలుకు తెలుసు.

"ఎవ్వలు పోలేదమ్మా" అన్నాడు ముందే.

"నేనెప్పుడడిగిన? మావోడు అంత చెప్పిండు, బెల్లం సంగతి గూడ" అంది. "పాలు బంద్ చేసినమని మనసుల పెట్టుకున్నవా?"

"లేదమ్మా."

"పెట్టుకో. నేను గూడ పెట్టుకున్న. నలబై దినాలు నోరు మూసుకొని సూసిన. మా అమరనాథ్‌కు కడుపుబ్బరం. కచేరీల నిలవడి జడ్జితోని మాట్లాడెటోడు తేన్పులు తీస్తె బాగుంటదా? బాలమ్మ ఉన్నప్పుడు గిట్ల ఒక్క దినం కాలే. నాకిచ్చిన మాట తప్పలే ఆమె."

గ్లాసు సగం దాకా లేచి ఆగింది. "ఏం మాటమ్మా?"

"శేరు పాలకు పావు చెంబు నీళ్లు. ఎక్వ పొయ్యద్దు, తక్వ పొయ్యద్దు. పిల్లగాని కడుపుకు అంతకంటె చిక్కటివి పట్టయి అని నేనే అడిగిన. అవుగని నీళ్లు మా బాయివే కావాలన్న, వేరే నీళ్లు నాకు వద్దన్న. సరే అన్నది. దినాం బిందె తెచ్చుకొని తీస్కపోతుండె గద, నువ్వు సూడలే?"

చూశాడు. ఇరవై ఏళ్లు చూశాడు. ఇంటి ముందు బావి పెట్టుకుని ఇంత దూరం నుంచి బిందె మోసుకొస్తావెందుకే అంటే, ఇవి తియ్యగుంటయి అనేది. తియ్యటి నీళ్లు తాగి పడుకునేవాడు.

"మీ ఇంట్లది నీకు తెల్వదా సాయిలూ?" సుగుణమ్మ కళ్లు పెద్దవి చేసి మున్షీ వైపు చూసింది, మున్షీ చాయ్‌లోకి చూశాడు. "అందరిండ్లల్ల గంతే. ఎవ్వలకేం కావాల్నో అడిగి మాటిచ్చుకున్నది. పసిపిల్లలున్నోళ్లకు సుక్క పొయ్యనన్నది. ఎవలెవలికి ఎంత అన్నదో నాకేమెరుక, వాళ్లవి వాళ్లకే. ఇరవై మూడిండ్లల్ల తెల్వనిది నీకొక్కనికేనేమో."

ముడి లేని దారాలు అయిదు. పట్టుకుంటారని భయం అనుకున్నాడు. చాయ్ చల్లారుతోంది. ఇరవై ఏళ్లు తల వంచుకుని గిన్నెలు దించి, తల వంచుకుని ఖాళీ గిన్నెలు ఎత్తుకుని, గడపల దగ్గర ఒక్క క్షణం ఎక్కువ నిలబడకుండా పరుగెత్తిన మనిషి. ఒకసారి ఒక ఇంటి ఆమె వెనక నుంచి పిలిస్తే దొరికిపోయానని సందులో దూరాడు. ఆమె పిలిచింది పండక్కి కొత్త తువ్వాలు ఇవ్వడానికి. ఎందుకు చెప్పలేదు బాలమ్మ? అడగలేదు కదా, అంటుంది. అటు తిరిగి బర్రె వీపు తుడుస్తున్నావు కదా, నాకేం తెలుసు నువ్వు సిగ్గుపడుతున్నావని, బర్రెల మీద ప్రేమ అనుకున్నాను, అంటుంది. అని నవ్వుతుంది కూడా. ఇరవై మూడు ఇళ్లు ఆమె మాట నమ్మి గిన్నెలు ముందు పెట్టాయి, పిల్లలకు పట్టాయి, పెరుగు తోడు వేసుకున్నాయి. ఆ మాట ఉందని కూడా తెలియక తప్పింది తను. ఎవరి మాట మీద? వచ్చే పోయే అందరికీ బెల్లం పెట్టే మనిషి మాట మీద. తొమ్మిది ఇళ్లు పోయాయని వాళ్ల మీద ఎంత కోపం పెట్టుకున్నాడు. వాళ్లు దావా వేస్తే? పార్శీ పంతులు కడుపు పట్టుకుని కచేరీకి వస్తే? ఇదే వకీలును వాళ్లు పెట్టుకుంటే, ఈయన వాదించేది తన మీదనే, మధ్యలో తేన్పులు ఆపుకుంటూ. సాయిలుకు నవ్వు వచ్చింది. పైపెదవి మీద మీసం లేదు గనుక దాచుకోవడానికి కుదరలేదు, మున్షీకి కనిపించింది. నవ్వుతూ ఉండగా కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి, అవి చాయ్ వేడికని అనుకోవచ్చు, చాయ్ చల్లారిపోయి చాలాసేపైనా.

వకీలు సాబ్ తల తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఆఁ, సాయిలూ. మున్షీజీ, లిఖియే, రాసుకోండ్రి. చెప్పు, ముందు పాలెట్లుండె?"

"మాట ప్రకారం ఉండె సాబ్."

"ఎవ్వరి మాట?"

"మా ఇంటామెది. ఇంటికొక మాట ఇచ్చిందట. నేను తప్పిన."

వకీలు తువ్వాలు భుజం మీద వేసుకుని తల్లి వైపు చూశాడు. ఆమె అప్పటికే ఖాళీ గ్లాసుతో లోపలికి పోతూ, పావు చెంబు అని నాలుగు వేళ్లలో ఒకటి ఎత్తి చూపించింది. వకీలు గడ్డం గోక్కున్నాడు. "గిది దావాకు మంచిదే, కల్తీ అనే మాట రాదు. కని ప్రతి ఇంటోళ్లు వచ్చి గిట్లనే చెప్పాలె. ఏ ఇంటికి ఏం మాటో మనకు తెల్వాలె గద?"

"నాకు గూడ తెల్వాలె సాబ్. దావా ఉన్నా లేకున్నా" అన్నాడు సాయిలు. "పొద్దుగాల పాలు పొయ్యాలె గద."

మున్షీ కలం సిరాలో ముంచి, మొదటి వరసలో వకీలు ఇంటి పేరు రాసి, దాని ఎదురుగా పావు చెంబు, ఈ ఇంటి బావి నీళ్లు అని రాశాడు. తక్కిన ఇరవై రెండు ఇళ్లకు బాలమ్మ ఇచ్చిన మాట ఏమిటో సాయిలు ఇంకా అడగలేదు.